ఏ రంధ్రంలో పెట్టి పరీక్షించాలి?

గుండె గదుల మధ్య గోడలో రంధ్రం ఉంటే ఒకప్పుడు ఛాతీ తెరిచి, గుండెను ఆపి, కుట్టేయడం ఒక్కటే దారి. ఇప్పుడు చాలామందికి అంత అవసరం పడటం లేదు. తొడ మొదట్లోని సిరలోంచి సన్నటి క్యాథెటర్‌ను గుండె దాకా పంపి, అందులో మడిచిపెట్టిన, రంధ్రాన్ని మూసే డివైస్‌ను అక్కడ విప్పుతారు. రంధ్రానికి అటొక బిళ్ల, ఇటొక బిళ్ల పట్టుకుని కూర్చున్నాక గొట్టం వెనక్కి తీసేస్తారు. మర్నాటికో ఆ మర్నాటికో మనిషి లేచి ఇంటికి వెళ్లిపోతాడు. ఆ డివైస్ మనుషుల దాకా వెళ్లకముందే దాన్ని లాగి, వంచి, మెలిపెట్టి, ఎక్కడ ఓడిపోతుందో చూడటం నా ఉద్యోగం.

నేను మెకానికల్ ఇంజినీర్‌ని. ఈ ల్యాబ్‌కు రాకముందు పంపుల సీళ్లు పరీక్షించేదాన్ని. అక్కడ సీలు కూర్చునే గాడి కొలతలు డ్రాయింగులో ఉంటాయి, ఆ గాడిని చెక్కేది కూడా మనమే. ఇక్కడ రంధ్రాన్ని ఎవరూ గీసి చెక్కలేదు. ఈ తేడా ఎంత పెద్దదో అర్థం కావడానికి నాకు చాలాకాలం పట్టింది. ఇది రాస్తున్నదీ ముఖ్యంగా దాని గురించే.

ముందు డివైస్ సంగతి. ఎక్కువ వాడుకలో ఉన్న రకం, నికెల్, టైటానియం కలిసిన నిటినాల్ అనే లోహపు తీగలతో అల్లిన వల. తీగ మందం మిల్లీమీటరులో పదో వంతు నుంచి ఐదో వంతు లోపే. ఢమరుకాన్ని రెండు వైపుల నుంచీ నొక్కి పలచగా చేస్తే ఎలా ఉంటుందో అలా ఉంటుంది. రెండు వెడల్పాటి బిళ్లలు, మధ్యలో పొట్టి నడుము. లోపల పాలిస్టర్ గుడ్డ కుట్టి ఉంటుంది. రక్తాన్ని మొదట ఆపేది ఆ గుడ్డే. తర్వాత నెలల్లో గుండె లోపలి పొర దాని మీదుగా పాకి కప్పేస్తుంది. కర్ణికల (గుండె పై గదుల) మధ్య రంధ్రానికి వాడే వాటిలో నడుము 4 మిల్లీమీటర్ల నుంచి 40 మిల్లీమీటర్ల దాకా సైజులున్నాయి. ఎడమ కర్ణికలో ఒత్తిడి ఎక్కువ కాబట్టి ఆ వైపు బిళ్ల కాస్త పెద్దది.

ఇంత వస్తువు సన్నటి గొట్టంలో ఎలా పడుతుందన్నది మొదటి ప్రశ్న. ఈ రంగంలో గొట్టాల మందాన్ని ఫ్రెంచ్‌లలో చెబుతారు. ఒక ఫ్రెంచ్ అంటే మిల్లీమీటరులో మూడో వంతు. 1975లో కింగ్, మిల్స్ అనే ఇద్దరు అమెరికా వైద్యులు కర్ణికల మధ్య రంధ్రాన్ని మొదటిసారి ఛాతీ కోయకుండా మూసినప్పుడు వాళ్లు వాడిన గొట్టం 23 ఫ్రెంచ్, అంటే దాదాపు 8 మిల్లీమీటర్లు. చిన్నపిల్లల సిరల్లోకి అది పట్టే ప్రశ్నే లేదు. నిటినాల్ వలలు వచ్చాక 6 నుంచి 12 ఫ్రెంచ్‌లతో పనైపోతోంది. సన్నగా సాగదీసినా వదలగానే మళ్లీ తన ఆకారానికి వచ్చేయడం ఆ లోహం గుణం.

వస్తుందా రాదా అన్నదే మా మొదటి పరీక్ష. ఉప్పునీటి తొట్టెలో డివైస్‌ను లోడర్ అనే చిన్న గొట్టంలోకి లాగుతాం, గొట్టం గుండా తోస్తాం, అవతల విప్పుతాం, మళ్లీ లోపలికి లాగుతాం. క్యాథ్ ల్యాబ్‌లో, అంటే ఆసుపత్రిలో ఈ గొట్టాల చికిత్స చేసే గదిలో, డాక్టర్ నచ్చలేదనుకుని ఎన్నిసార్లు వెనక్కి లాగి మళ్లీ పెట్టే అవకాశం ఉందో, అంతకంటే ఎక్కువసార్లే చేస్తాం. ప్రతిసారీ ఎంత బలం పట్టిందో మీటరు రాసుకుంటుంది. కొన్నిసార్లు ఎడమ బిళ్ల విచ్చుకోకుండా పడగలా పొడుచుకొచ్చి నిలబడిపోతుంది. డాక్టర్లు దాన్ని కోబ్రా హెడ్ అనే పిలుస్తారు. అలా కనిపిస్తే దాన్ని వదిలిపెట్టకూడదు, బయటికి లాగేయాలి.

ఇక్కడ తొట్టె వేడి చాలా ముఖ్యం. గది ఉష్ణోగ్రత దగ్గర నిటినాల్ కాస్త మెత్తగా ఉంటుంది. వేడెక్కేకొద్దీ, ఒక్కో డిగ్రీకి సుమారు 6 మెగాపాస్కల్స్ చొప్పున, వంగడానికి ఎదురుతిరుగుతుంది. 37 డిగ్రీలు లేని తొట్టెలో తీసిన అంకెలు మనిషి ఒంట్లో చెల్లవు. కొత్తగా చేరినవాళ్లు ఎవరైనా తొట్టె వేడెక్కేదాకా ఆగలేక తొందరపడితే, మా సీనియర్ టెక్నీషియన్ ఏమీ అనరు. థర్మామీటరు తీసి వాళ్ల చేతిలో పెట్టి వెళ్లిపోతారు.

ఇక అసలు కథ. డివైస్‌ను కూర్చోబెట్టి లాగడానికి గుండె గోడలాంటిది ఒకటి కావాలి. నేను చేరేసరికే ల్యాబ్‌లో సిలికోన్ పలకలు సిద్ధంగా ఉన్నాయి. ఒకే మందం, మధ్యలో వృత్తలేఖినితో గీసినట్టు గుండ్రటి రంధ్రం, చుట్టూ గట్టి స్టీలు చట్రం. వాటిలో పెట్టి లాగితే డివైస్‌లన్నీ బ్రహ్మాండంగా నిలబడేవి. ఫలితాలు కూడా ముచ్చటగా ఒకదానికొకటి సరిపోయేవి.

ఒకరోజు పిల్లల గుండె వైద్యులు ఒకాయన ల్యాబ్ చూడటానికి వచ్చారు. పెద్దాయన. ఆ పలకను చేతిలోకి తీసుకుని వెలుతురుకి ఎత్తి చూసి నవ్వారు.

"ఇంత అందమైన రంధ్రాన్ని నేను ఇన్నేళ్లలో ఏ గుండెలోనూ చూడలేదమ్మా."

"పరీక్ష ప్రతిసారీ ఒకేలా రావాలి కదా సార్, అందుకే ఇలా" అన్నాను.

"ఒకేలా రావాలి, నిజమే. కానీ దేనిలా?" అని, నా నోట్‌బుక్ తీసుకుని అందులో పెన్నుతో గీయడం మొదలుపెట్టారు. ఒకటి కోడిగుడ్డులా ఏటవాలుగా సాగిన రంధ్రం. ఇంకొకటి బృహద్ధమని (గుండె నుంచి ఒంటికి రక్తం తీసుకెళ్లే పెద్ద నాళం) వైపు అంచే లేని రంధ్రం. మరొకటి జల్లెడ మాదిరి చిన్న చిన్న తూట్లు. ఆఖరిది రెండు పొరల మధ్య సొరంగంలా ఏటవాలుగా పోయే పి.ఎఫ్.ఓ., అంటే పుట్టాక మూసుకోవాల్సింది మూసుకోకుండా మిగిలిపోయిన దారి. పక్కనే గోడ మందాలు కూడా వేశారు. అంచు దగ్గర కాగితంలా పలచన, కండ దగ్గర మందం. "గోడ కూడా ఊరికే నిలబడి ఉండదమ్మా. గుండె కొట్టుకున్నప్పుడల్లా అటూ ఇటూ ఊగుతుంది" అన్నారు.

ఆ కాగితంతోనే మా పని మారింది. స్కాన్‌లలోని ఆకారాలను బట్టి అచ్చులు పోయించుకున్నాం. మెత్తటి సిలికోన్, పలచబడే అంచులు, ఒక పక్క అసలు అంచే లేని పలకలు. పాత పలకలో నిక్కచ్చిగా నిలబడిన డివైస్‌నే అంచులేని పలకలో పెడితే బిళ్ల ఆ వైపుకి ఒరిగింది. లాగితే ముందున్న బలంలో కొంత భాగానికే జారి వచ్చేసింది. తీగ అదే, అల్లిక అదే, సైజు అదే. మారిందల్లా రంధ్రం.

దీనివల్ల మా మీటింగుల్లో చాలా వాదనలు నడిచాయి. డిజైన్ వాళ్ల అభ్యంతరం సబబైనదే. ప్రతి వింత ఆకారానికీ డివైస్ తట్టుకోవాలంటే ఏ డివైసూ బయటికి రాదు. ఈ రంధ్రానికి ఇది పనికిరాదని వాడే సూచనల్లోనే రాయొచ్చు కదా అని వాళ్లు. రాయొచ్చు. కానీ ఎక్కడి దాకా పనికొస్తుందో, ఎక్కడి నుంచి పనికిరాదో ఆ గీత గీయాలన్నా ముందు చెడ్డ రంధ్రాల్లో పెట్టి చూడాల్సిందే కదా. ఇప్పటికీ నా పట్టు అదే.

బృహద్ధమని వైపు అంచు సంగతి ఊరికే పుట్టిన భయం కాదు. నిటినాల్ వలలు బాగా ప్రచారంలోకి వచ్చాక, కొద్దిమందిలో బిళ్ల అంచు కర్ణిక పైకప్పునూ బృహద్ధమని మొదలునూ రాసుకుంటూ రాసుకుంటూ గోడను కొరికేసి గుండె చుట్టూ రక్తం చేరిన సంఘటనలు బయటపడ్డాయి. అంచనాలు 1000 మందిలో 1 నుంచి 3 మంది దాకా చెబుతాయి. ఆ వైపు అంచు తక్కువగా ఉన్నవాళ్లలోనే ఎక్కువగా కనిపించింది. 2012లో అమెరికాలో మందులను, వైద్య పరికరాలను నియంత్రించే సంస్థ ఎఫ్.డి.ఎ. దీనిపై నిపుణుల కమిటీని కూర్చోబెట్టి చర్చించింది. డివైస్ విరగలేదు, జారలేదు, తుప్పు పట్టలేదు. చేయాల్సిన పని చేస్తూనే పక్క గోడను అరగదీసింది. గుండ్రటి పలకలో ఎన్ని కోట్లసార్లు ఊపినా ఇది దొరకదు, ఎందుకంటే ఆ పలక పక్కన రాసుకోవడానికి ఏమీ ఉండదు.

జఠరికల (గుండె కింది గదుల) మధ్య రంధ్రాల్లో ఇంకో పేచీ ఉంది. గుండె లయను మోసుకెళ్లే కణాల దారి చాలా రంధ్రాల అంచునే ఆనుకుని వెళ్తుంది. డివైస్ గట్టిగా పట్టుకుంటే ఆ దారి నలిగి, లయ కింది గదులకు సరిగా చేరని హార్ట్ బ్లాక్ వస్తుంది. మొదటి తరం డివైస్‌లతో ఇది చెప్పుకోదగ్గంతగానే కనిపించింది. జారకూడదంటే గట్టిగా పట్టుకోవాలి, నలపకూడదంటే మెత్తగా పట్టుకోవాలి. అవతల ఎడమ జఠరికలో ఒత్తిడి 120, కుడి జఠరికలో 25. ఇక్కడ ఎంత బలం దాటితే ఫెయిల్ అన్నదానికి కింద ఒక గీత, పైన ఒక గీత రెండూ ఉండాలి.

అలసట పరీక్ష, అంటే ఊపగా ఊపగా తీగ విరుగుతుందా అని చూసే పరీక్ష, గురించి అడిగేవాళ్లే ఎక్కువ. గుండె ఏడాదికి సుమారు 4 కోట్లసార్లు కొట్టుకుంటుంది. పదేళ్లకు 40 కోట్లు. సాధారణంగా మేం పెట్టుకునే లెక్క అది. సెకనుకు 30 సార్లు ఊపే యంత్రం పగలూ రాత్రీ ఆగకుండా తిరిగినా 5 నెలలు పడుతుంది. ఇంకా వేగం పెంచవచ్చు కదా అంటారు. పెంచితే నీళ్లూ సిలికోనూ ఆ వేగాన్ని అందుకోలేవు. యంత్రం చేయి 3 మిల్లీమీటర్లు కదులుతుంటే బిళ్ల ఒక మిల్లీమీటరే కదులుతుంది. లెక్క మాత్రం 40 కోట్లు పడిపోతుంది. అందుకే హై స్పీడ్ కెమెరా పెట్టి బిళ్ల నిజంగా ఎంత కదులుతోందో చూసుకుంటాం. అసలు ఎంత కదలాలన్నదీ రోగుల ఎకో, సి.టి. చిత్రాల నుంచి రావాల్సిందే. మళ్లీ అదే ప్రశ్న. ఎవరి గుండె? ఎలాంటి రంధ్రం?

ఈ 5 నెలలూ చూడటానికి ఏమీ ఉండదు. నీళ్లు ఆవిరవుతుంటాయి, పోస్తుంటాం. వెచ్చటి ఉప్పునీరు కాబట్టి పాచి పడుతుంది, దానికో మందు వేస్తాం. మధ్య మధ్య ఆపి మైక్రోస్కోప్ కింద తీగ తీగనూ చూస్తాం. కంప్యూటర్ లెక్కల్లో ఎక్కువ సాగుతున్నట్టు కనిపించిన చోట, అంటే తీగలు మడత తిరిగే బిళ్ల అంచుల దగ్గర, ఎక్కువసేపు ఆగుతాం. ఒక్కో సైకిల్‌లో వచ్చే సాగుదల సుమారు 0.4 శాతం దాటకుంటే నిటినాల్ చాలాకాలం మన్నుతుందని సామాన్య లెక్క. కానీ లోహంలో చిక్కుకున్న చిన్న మలినం ఒకటి ఆ మడతలోనే పడితే ఆ లెక్క పనిచేయదు.

విరిగిన తీగ ఒకటి కనిపిస్తే ఫెయిలేనా? ఇది తెగని వాదన. 1980ల చివర్లో వచ్చిన క్లామ్‌షెల్ అనే డివైస్‌కు స్టీలు చేతులుండేవి. పెట్టించుకున్నవాళ్లలో ఆ చేతులు విరుగుతున్నట్టు ఎక్స్‌రేల్లో కనబడటంతో 1991లో దాన్ని ఆపేశారు. నిజానికి వాళ్లలో ఎక్కువమందికి ఏ కష్టమూ కలగలేదు. అప్పటికే గుండె పొర దాన్ని కప్పి పట్టుకుని ఉంది. తర్వాత మిశ్రలోహం మార్చి, చేతుల్లో మడతలు పెంచి కార్డియోసీల్ పేరుతో మళ్లీ తెచ్చారు. కాబట్టి "కణజాలం పట్టుకుంటుంది, ఒక తీగ పోతే ఏమవుతుంది" అనేవాళ్ల దగ్గర ఆధారం ఉంది. అయినా నా తొట్టెలో కణజాలం పెరగదు. ఏది ఎంత కాపాడుతుందో నేను కొలవలేనప్పుడు దాన్ని లెక్కలోకి తీసుకోను. విరిగితే విరిగిందనే రాస్తాను. దాని అర్థం ఏమిటో తేల్చేది వేరేవాళ్లు.

మిగతావి త్వరగా చెప్పేస్తాను. "లోపల తీగ తుప్పు పట్టదా?" అని బంధువులు అడుగుతుంటారు. నిటినాల్ బరువులో సగానికి పైగా నికెలే. పైనున్న పలచటి ఆక్సైడ్ పొర దాన్ని బయటికి రానివ్వకుండా ఆపుతుంది. 37 డిగ్రీల ఉప్పు ద్రావణంలో డివైస్‌కు వోల్టేజీ మెల్లమెల్లగా పెంచుతూ ఆ పొర ఎక్కడ తెగుతుందో చూస్తాం. నికెల్ ఎంత కారుతోందో విడిగా కొలుస్తాం. మనుషుల్లో మొదటి నెలలో రక్తంలో నికెల్ కొంచెం పెరిగి తర్వాత తగ్గుతుంది. ఎం.ఆర్.ఐ.లో కదులుతుందా, వేడెక్కుతుందా అన్నది ఇంకో పరీక్ష. స్టెరిలైజేషన్, ప్యాకింగ్, నిల్వ వీటికి వేరే ఫైళ్లున్నాయి, వాటిలో చెప్పుకోదగ్గ కథేమీ లేదు. 2021లో ఈ డివైస్‌లకంటూ ఐ.ఎస్.ఓ. 22679 అనే ప్రమాణం వచ్చాక ఏమేం చేయాలన్న తగాదాలు తగ్గాయి. ఏ రంధ్రంలో అన్న తగాదా మాత్రం ప్రతి డిజైన్‌తోనూ మళ్లీ మొదలవుతుంది.

జంతువుల మీద పరీక్షలకు నేను ఒకసారే వెళ్లాను, మళ్లీ వెళ్లాలని లేదు. అయినా పొర ఎలా పాకుతుందో తెలుసుకోవడానికి ఇంకో దారి లేదు. ఆరోగ్యంగా ఉన్న పందికో గొర్రెకో గుండెలో రంధ్రం ఉండదు కదా, సూదితో గుచ్చి బెలూన్‌తో వెడల్పు చేయాలి. అలా చేసిన రంధ్రం దానంతటదే కుంచించుకుపోవాలని చూస్తుంది. పుట్టుకతో ఉన్న రంధ్రం పెద్దదైతే అలా చేయదు. నెల తర్వాత తీసిన డివైస్, ఆరు నెలల తర్వాత తీసిన డివైస్ పక్కపక్కనే పెట్టి చూపించారు. రెండోదాని మీద తెల్లగా, నున్నగా పొర. తీగలు దాని కింద గీతల్లా కనిపిస్తున్నాయి. మూసుకోవడం గురించి అది చాలా చెప్పింది. జారడం గురించి ఏమీ చెప్పలేదు.

మనుషుల మీద జరిగే ట్రయల్స్ నా పని కాదు గానీ, ఫలితాలు వచ్చినప్పుడల్లా చదువుతాను. పి.ఎఫ్.ఓ. ట్రయల్స్ చదివినప్పుడు నాకు మా సిలికోన్ పలకలే గుర్తొచ్చాయి. పుట్టకముందు కర్ణికల మధ్య తెరిచి ఉండే ఆ తలుపు పెద్దవాళ్లలో నలుగురిలో ఒకరికి పూర్తిగా మూసుకోదు. చాలామందికి దానివల్ల ఏ హానీ లేదు. కొందరిలో మాత్రం రక్తపు గడ్డ దాని గుండా దాటి మెదడుకు చేరి పక్షవాతం తెస్తుంది. మరి ఆ తలుపు మూస్తే రెండోసారి రాకుండా ఉంటుందా? 909 మందితో చేసిన క్లోజర్ 1 ట్రయల్ ఫలితం 2012లో వచ్చింది. మందులకంటే మేలు కనిపించలేదు. ఇక ఈ పని దండగ అన్నవాళ్లున్నారు. 2017లో క్లోజ్ ట్రయల్ వచ్చింది. అందులో ఎవరిని పడితే వాళ్లను తీసుకోలేదు. రంధ్రం గుండా ఎక్కువ రక్తం దాటుతున్నవాళ్లను, లేదా గోడ వదులుగా ఉబ్బి ఊగుతున్నవాళ్లను మాత్రమే ఎంచుకున్నారు. డివైస్ పెట్టిన 238 మందిలో ఒక్కరికీ మళ్లీ పక్షవాతం రాలేదు. రక్తంలోని ప్లేట్‌లెట్లు అతుక్కోకుండా చూసే మాత్రలు మాత్రమే వాడిన 235 మందిలో 14 మందికి వచ్చింది. రెండు ట్రయల్స్‌లో వాడిన డివైస్‌లు ఒకటి కావు, అది కూడా ఒక కారణమే. డివైస్ పెట్టినవాళ్లలో ఏట్రియల్ ఫిబ్రిలేషన్ (కర్ణికల లయ తప్పడం) ఎక్కువగా కనిపించిందన్నదీ దాచకూడని సంగతి. అయినా ఏ రంధ్రాలను ఎంచుకున్నారన్నది ఫలితాన్ని ఎంతగా మార్చిందో చూస్తే, పలకల కోసం మా మీటింగుల్లో అంతసేపు వాదించినందుకు నాకు విచారం లేదు.

చివరికి క్యాథ్ ల్యాబ్ కూడా చూశాను. సీసపు ఆప్రాన్ వేసుకుని ఓ మూల నిలబడ్డాను. ముందు రంధ్రంలో మెత్తటి బెలూన్ ఉబ్బించారు. ఎకోలో రక్తం దాటడం ఆగిన క్షణాన ఉబ్బించడం ఆపి, బెలూన్ నడుము కొలిచారు. డివైస్ విప్పారు. వదిలేముందు డాక్టర్ కేబుల్‌ను పట్టుకుని ముందుకు తోసి వెనక్కి లాగారు, మళ్లీ తోసి మళ్లీ లాగారు. మిన్నెసోటా విగిల్ అంటారట. బిళ్లలు గోడను వదలకుండా దానితోపాటే కదిలాయి. అప్పుడు కేబుల్‌ను అపసవ్యంగా తిప్పి మరను విప్పేశారు. మేం ఏడాది పొడవునా నకలు రంధ్రాల్లో చేసేది ఇక్కడ అసలు రంధ్రంలో అర నిమిషంలో జరిగింది.

డాక్టర్లు ఎంత బలంతో లాగుతారో అప్పటివరకూ మా ఫైళ్లలో ఎక్కడా లేదు. అందుకని వాళ్లలో కొంతమందిని మా ల్యాబ్‌కు పిలిచి, కేబుల్ చివర బలం కొలిచే మీటరు తగిలించి, మీరు రోజూ లాగినట్టే లాగండి అన్నాం. ఒకరు మెల్లగా రెండుసార్లు. ఒకరు బలంగా ఒక్కసారి. ఒకావిడైతే మా పలక చట్రాన్నే కదిలించేశారు. ఇప్పుడు మా పాస్ గీత అందరికంటే గట్టిగా లాగిన చేతికి పైన ఉంది.

ప్రస్తుతం నా తొట్టెలో ఉన్నవి లోహం లేని డివైస్‌లు. శరీరంలో మెల్లగా కరిగిపోయే పాలిమర్‌తో చేసినవి. గుండె పొర రంధ్రాన్ని కప్పేదాకా పట్టుకుని, తర్వాత లేకుండా పోవాలన్నది ఆలోచన. వీటికి 40 కోట్ల లెక్క సరిపోదు. కరగడం కొట్టుకోవడాన్ని బట్టి జరగదు, రోజులను బట్టి జరుగుతుంది. యంత్రాన్ని వేగంగా తిప్పితే పదేళ్ల అలసట వస్తుంది గానీ 5 నెలల కరుగుదలే వస్తుంది. నీళ్లను ఇంకా వేడిచేస్తే త్వరగా కరుగుతుంది గానీ, 37 డిగ్రీల దగ్గర కరిగే తీరులో కరగదు. కాబట్టి ఒక వరుస యంత్రాలను గుండె వేగంతోనే, సెకనుకు ఒకటికి కాస్త పైగా, నడుపుతున్నాం. వాటి పలకల్లో సగం అంచులేనివే పెట్టమని అడిగాను. డిజైన్ వాళ్లు మూడో వంతుకు ఒప్పుకున్నారు.